గాజు పెరిగిన రోజు

సభకు అధ్యక్షత వహిస్తున్న మా సూపరింటెండెంట్ నరసింగరావు గారికి, నా పక్కనే కూర్చుని ఇప్పటికే రెండుసార్లు కళ్లు తుడుచుకుని నన్ను కూడా ఏడిపించాలని చూస్తున్న డాక్టర్ తాయారు గారికి, మా మాట కాదనకుండా వచ్చిన ఊరి పెద్దలకు, నాతో డ్యూటీలు మార్చుకుని, టిఫిన్ డబ్బాలు పంచుకుని, దెబ్బలాడి మళ్లీ మాట్లాడిన నా సిస్టర్లకు, ఆయాలకు, వార్డు బాయ్‌లకు, ముందు వరసలో పొందూరు ఖద్దరు చొక్కా తొడుక్కుని కూర్చున్న మా ఆయన ధనరాజు గారికి, అందరికీ ఈ కుసుమకుమారి నమస్కారాలు. రిటైర్మెంటు సన్మానం నాకు, కొత్త చొక్కా ఆయనకు. (నవ్వులు)

ఇంతకుముందు మాట్లాడినవాళ్లు నన్ను దేవత అన్నారు, అమ్మ అన్నారు. నిన్నటిదాకా నా వెనకాల ఏమనేవారో కూడా నాకు తెలుసు. (నవ్వులు) నేను దేవతను కాదండీ, నర్సుని. నాకది చాలు.

కొత్తగా చేరిన పిల్లలకు నా నర్సింగ్ ఫిలాసఫీ చెప్పమన్నారు నరసింగరావు గారు. అంత పెద్ద మాట నాకు నోరు తిరగదు. నాకు తెలిసిందల్లా ఒకటే. రోగి మంచం మీదికి ఒంటరిగా రాడు. వాళ్ల ఇల్లు, వాళ్ల అమ్మవారు, వాళ్ల మొక్కులు, వాళ్ల భయాలు అన్నీ వెంట ఎక్కుతాయి. మన మంచాలేమో ఇరుకు. దిగిపొమ్మంటే అన్నీ కలిసే దిగిపోతాయి, రోగితో సహా. అందుకే సర్ది కూర్చోబెట్టడం మన పని.

ఒకసారి పై జిల్లా నుంచి వచ్చిన కుర్ర డాక్టరు గారు ఒకామెను "మీ ఆయన పేరేంటమ్మా?" అని అడిగారు. ఆమె సిగ్గుపడి "అరసవిల్లి దేవుడండి" అంది. "ఊరు కాదమ్మా, పేరు" అన్నారాయన. ఆమె "అదే బాబూ, అరసవిల్లి దేవుడే" అంది. ఇద్దరికీ కోపాలొచ్చేలా ఉంటే నేను వెళ్లి "సూర్యనారాయణ అని రాసుకోండి సార్" అన్నాను. మొగుడి పేరు నోటితో పలకని ఆడవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. ఆయన నన్నొక మంత్రగత్తెను చూసినట్టు చూశారు. (నవ్వులు)

అది నవ్వుకునే మాట. ఇప్పుడు చెప్పబోయేది నవ్వుతో మొదలైంది కాదు.

ఐదేళ్ల కిందట, కార్తీక మాసంలో ఒక ఉదయం, సముద్రపు ఒడ్డు పల్లె నుంచి తవిటమ్మ అనే అమ్మాయిని తొలి కాన్పుకు తీసుకొచ్చారు. వెంట అత్తగారు మరిడమ్మ, చేపల గంప మోసి మోసి గట్టిపడ్డ మనిషి. తవిటమ్మ భర్త గంగరాజు మన ఒడ్డు కుర్రాళ్లందరిలాగే గుజరాత్ వెళ్లి అక్కడ బోటు మీద ఉన్నాడు. ఫోను అందడం లేదు. అమ్మాయికి బీపీ బాగా పెరిగిపోయింది. కాళ్లూ చేతులూ పొంగిపోయాయి, కళ్లు మసకలు. కడుపులో బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోంది. తాయారు గారు చూసి వెంటనే ఆపరేషన్ అన్నారు.

ఇంతలో ఒక చిక్కొచ్చింది. వాచిన చేతులకు నిండా మట్టిగాజులు ఉన్నాయి. చర్మంలోకి దిగబడుతున్నాయి. అవి తీస్తే తప్ప థియేటర్‌లోకి తీసుకెళ్లలేం. మా సిస్టర్ రేఖ అప్పటికి కొత్త. రేఖా, చెప్పెయ్యమంటావా? చెప్పమంటోంది. (నవ్వులు) ఆ కంగారులో రేఖ "గాజులు రావట్లేదు, పగలగొట్టేయండి" అని గట్టిగా అనేసింది.

అంతే. మరిడమ్మ లేచింది. "ఏటన్నావు? నా కొడుకు నడి సముద్రంలో ఉన్నాడు. ఆడి పెళ్లాం సేతి గాజులు పగలగొడతావా? ఒసే తవిటీ, లెగు, ఎల్లిపోదాం. ఆటో పిలండిరా!"

తవిటమ్మ నిజంగానే మంచం దిగింది. ఆ అమ్మాయి నిలబడలేకపోతోంది, అయినా అత్త చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు నడుస్తోంది. తాయారు గారు "టైం లేదు కుసుమగారూ, ఫిట్స్ వస్తే ఇద్దరూ దక్కరు" అని చెవిలో అన్నారు. ఆ మాటే పైకి అనేస్తే మరిడమ్మ ఇంకా బెదిరిపోతుందని ఇద్దరికీ తెలుసు.

నేను వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడలేదు. పక్కన నడిచాను. "మీ అబ్బాయి పేరేంటమ్మా?" అన్నాను.

"గంగరాజు."

"ఎప్పుడొస్తాడు?"

"ఎండాకాలం వస్తాడు." గొంతు కొంచెం తగ్గింది. అంతలోనే నా చేతులు చూసింది. "నీ సేతులకే గాజుల్లేవు. నీకేటి తెలుస్తాది? నీకు మొగుడు లేడేటి?"

"ఉన్నాడమ్మా, ఇంటి దగ్గర వంట చేస్తున్నాడు. డ్యూటీలో గాజులు వేసుకోకూడదని మాకు రూలు" అన్నాను. (నవ్వులు) నిజమే కదండీ ధనరాజు గారూ?

ఆ బాధలోనూ తవిటమ్మకు నవ్వొచ్చింది. కోడలు నవ్వేసరికి మరిడమ్మ ఆగింది. అప్పుడు చెప్పాను. "మనం పగలగొట్టం. నూనె రాసి ఒక్కొక్కటే తీద్దాం. ముందే చేతికి పసుపుతాడు నువ్వే కట్టు. చెయ్యి ఒక్క క్షణం కూడా బోసిగా ఉండదు. తీసిన గాజులు నీ కొంగులోనే మూటగట్టుకో. బిడ్డ పుట్టాక నువ్వే తొడుగు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "తాడు లోపలికి రానిస్తారా?"

నేను తాయారు గారి వైపు చూశాను. ఆవిడ ఒక్క మాట అడగలేదు. "శుభ్రమైన గాజుగుడ్డ చుట్టి ఉంచుతాం" అన్నారు. డాక్టరమ్మా, ఆ రోజు మీరు 'సెంటిమెంట్లు' అని విసుక్కుని ఉంటే నాకీ కథే లేదు. (చప్పట్లు)

నేను ఆదివారం చర్చికి వెళ్లే మనిషిని. మా ఇంట పసుపుతాడు ఆచారం లేదు. కానీ దారానికి పసుపు రాసింది నేనే, కట్టింది మరిడమ్మ. మళ్లీ మంచమెక్కిన తవిటమ్మకు ఒక పక్క రేఖ బీపీ ఇంజెక్షన్ ఇస్తోంది, ఇంకో పక్క నేనూ మరిడమ్మా కొబ్బరినూనెతో గాజులు జారుస్తున్నాం. ఒక్కొక్కటీ కొంగులో పడుతోంది. ఆఖరి గాజు దగ్గర నా వేళ్ల మధ్యే 'టిక్' మంది.

అందరం బిగుసుకుపోయాం. తవిటమ్మ కళ్లు పెద్దవయ్యాయి. మరిడమ్మ నోరు తెరిచింది. నా నోటికి మా పొరుగింటి మామ్మ మాటే వచ్చింది. "పెరిగిందమ్మా. గాజు పెరిగింది" అన్నాను.

మనవాళ్లు గాజు చిట్లింది అనరు కదా, పెరిగింది అంటారు. మరిడమ్మ రెండు ముక్కలూ కళ్లకద్దుకుంది. "పెరిగినాది" అంది. ఇంకోసారి, తనకు తానే చెప్పుకున్నట్టు, "పెరిగినాది." తవిటమ్మ మెల్లగా "పెరిగితే మంచిదే గదత్తా" అంది. అత్త ఆమె నుదురు నిమిరి, "ఎల్లు. నానిక్కడే ఉంతాను" అంది.

ఆడపిల్ల పుట్టింది. ఏడుపు వరండాదాకా వినిపించింది. తల్లి బీపీ లొంగడానికి చాలా రోజులు పట్టింది గాని, తల్లీ బిడ్డా క్షేమంగా ఇల్లు చేరారు. (చప్పట్లు)

ఎండాకాలంలో గంగరాజు వచ్చాడు. తలుపంత మనిషి. నా ముందు నిలబడి చొక్కా గుండీ తిప్పుకుంటున్నాడు. "సెప్పరా" అని తల్లి వీపు మీద తట్టింది. "అమ్మా, నాను సముద్రంలో ఉన్నప్పుడు నా ఇంటిదాని సెయ్యి బోసిగా ఉండనీలేదు మీరు. ఇంకేటి సెప్పను" అన్నాడు, అంతే ఏడ్చేశాడు. నేనూ... సరే, దాటేద్దాం.

అరసవిల్లిలో కొన్న గాజుల పెట్టె తెచ్చాడు. ఆస్పత్రిలో ఎంతమంది ఆడవాళ్లుంటే అందరికీ మరిడమ్మ తొడిగింది. డ్యూటీలో ఉన్నవాళ్లం గేటు బయటికి వెళ్లి తొడిగించుకుని, గలగలలాడించుకుని, తీసేసి లోపలికొచ్చాం. తాయారు గారు మాత్రం తియ్యడం మరచిపోయి రౌండ్స్ చేశారు. రోగులంతా పండగేదో వచ్చిందనుకున్నారు. (నవ్వులు)

రేఖ మాట తప్పుపట్టడానికి ఇదంతా చెప్పలేదు. పోయిన నెల ఒక తాతకు తల పగిలి కుట్లు వెయ్యాల్సి వచ్చింది. మొక్కు జుట్టు, కత్తెర తగలనివ్వనన్నాడు. రేఖ పక్కన కూర్చుని, కావలసినంత మేరకే తీసి, ఆ వెంట్రుకలు తెల్లగుడ్డలో మూటగట్టి ఆయన చేతిలో పెట్టింది. "తాతా, ఇది దేవుడిదే. తక్కినదాంతో కలిపి ఇచ్చెయ్యి" అంది. ఆ మాట నేను నేర్పలేదు. తలుపు దగ్గర నిలబడి విని, ఇక నేను ఇంటికి వెళ్లొచ్చు అనుకున్నాను.

నన్ను భరించిన మీ అందరికీ, నన్ను నమ్మి ఒళ్లప్పగించిన ఈ ఒడ్డు జనానికి, ఇన్నేళ్లూ చల్లారిన అన్నం వేడిచేసి పెట్టిన ధనరాజు గారికి నా కృతజ్ఞతలు.

ఒక్క సంగతి. మన గేటు దాటేటప్పుడు డిశ్చార్జి అయినవాళ్లు అలవాటుకొద్దీ "ఎల్లొస్తాం సిస్టరమ్మా" అంటారు. "ఇక్కడ అలా అనకూడదు, వెళ్తాం అనండి, మళ్లీ రావద్దు" అని నవ్వుతూ పంపించేదాన్ని. ఆ నియమం రోగులకే గాని నాకు లేదు. నాకు మీరు కావాలి. సెలవు ఇప్పించండి, వెళ్లొస్తాను.