ముసుగులో రెండో మూల

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పుంగనూరు చర్చిలో పెళ్లయిన గంటకే, మదనపల్లె దారిలో కొత్త జంట ఎక్కిన చిన్న కారు ఆగిపోయింది. పెళ్లికొడుకు బానెట్ ఎత్తి చూశాడు.

“పెట్రోలు ఫిల్టరులో జల్లెడ చినిగిపోయిండాది.”

“కడిగి పెడితే సాలదా అండీ?”

“కడిగి కడిగే చినిగింది. కొత్తది మార్సాల్సిందే. ఈ యుద్ధంలో యాడ దొరుకుతాది?”

“నా ముసుగులో ముక్క కత్తిరించి, మడిసి జల్లెడ బదులు పెట్టండి.”

“అయ్యో, అది మాయమ్మ పెళ్లినాటి ముసుగు! సంపేస్తాది. యాల నవ్వుతాండావు?”

“ఈ మూల సూడండి. ముందే ఒక ముక్క కత్తిరించిండారు.”

“ఎవురు?”

“మీయమ్మే. పెళ్లినాడు మీ నాయన మోటారు సైకిలు గూడా ఇట్లే ఆగిపోయిందంట.”

“నీకెవురు సెప్పినారు?”

“ఆమే. పొద్దున నాకు ముసుగు తొడుగుతా, ‘రెండో మూల నీదేనమ్మా’ అని కత్తెర గూడా ఇచ్చింది.”