ముసలమ్మ కడియం

రేవు పక్కన, పక్షుల మీద పరిశోధన చేసేవాళ్ల గది. నిన్న దీవికి ఒక్కతే వెళ్లొచ్చిన కూతురు ఇవాళ మళ్లీ బయల్దేరింది. తండ్రి బూట్లు తొడుక్కుంటున్నాడు.

“బూట్లు విప్పు నాన్నా.”

“ముడేశాక విప్పడం నావల్ల కాదమ్మడూ. పడవవాడు అరుస్తున్నాడు, పద. నిన్న లేపకుండా పోయావు, ఊరుకున్నాను.”

“పడవలో నీకు చోటు లేదు.”

“ఆ పిట్టల కాళ్లకి నేను అంకెల కడియాలు తొడిగేనాటికి నువ్వు ఉయ్యాల్లో ఉన్నావు. చోటు లేదట, చోటు!”

“కొండ అంచు నీకు కనబడదు. పోయినేడాది తాడు లేకపోతే రాళ్ల మీద తేలేవాడివి.”

“కాలు జారింది. పడుచువాళ్లు జారరా?”

“జారతారు, లేస్తారు. నువ్వే కదా రాశావు? చేపలు దండిగా ఉన్న ఏడాది ముసలి పిట్టా పడుచు పిట్టా ఒకటే. చేప దొరకని ఏడాది మాత్రం ముందు రాలిపోయేవి ముసలివేనని.”

“రాశాను. మరి నా ముసలమ్మ పిట్ట? అలాంటి ఏళ్లు ఎన్ని దాటింది! పోయినేడాది దాన్ని చూసిందెవరు? నేను! ఎడమకాలి కడియం, అంకె నలభై ఒకటి.”

“నువ్వొక్కడివే చూశావు.”

“అంటే?”

“ఏం లేదు.”

“ఏం లేదంటే ఏంటే? అబద్ధమాడానా?”

“చెయ్యి చాపు.”

“ఏంటిది... కడియమా? ఏ పిట్టది?”

“చదువు.”

“కళ్లజోడేదీ...”

“ముక్కు మీదే ఉంది.”

“ఇక్కడ వెలుతురు చాల్దు. ఎక్కడ దొరికింది?”

“ఒడ్డున, ఇసుకలో. చదువు నాన్నా.”

“నలభై... అరిగిపోయిందే. ఉప్పూ ఇసుకా తినేశాయి. నలభై ఒకటి. అయ్యో. అయ్యో, నా ముసలమ్మ. ఎప్పుడు పోయింది?”

“సరిగ్గా చూడు. నలభై ఒకటేనా?”

“ఎన్నిసార్లు చెప్పించుకుంటావే? నా చేత్తో తొడిగింది, నాకు తెలీదా? నలభై ఒకటే!”

“అది కొత్త కడియం. ఇంకా అంకె కొట్టలేదు.”

“లేదు. గీతలు వేలికి తగిలాయి.”

“అవి నీ వేలి ముడతలు.”

“ఇసుకలో దొరికిందన్నావు.”

“అన్నాను. బూట్లు విప్పు.”

“మరి... మరి ముసలమ్మ?”

“నిన్న గూట్లోనే ఉంది నాన్నా. దానికింకా దారి కనబడుతోంది.”