చెప్పుల వరస

సుంకులమ్మ కాళ్ళకి చెప్పులు ల్యావు. ఆయమ్మ పుట్టినప్పట్నుంచీ తొడగల్యా, మేకలెంట ఉత్త కాళ్ళతోనే తిరిగేది. నవ్వద్దండప్పా, కథంతా ఆడే ఉండాది. ఆయమ్మ పాత ఊరు డ్యాము నీళ్ళలో మునిగిపాయ, ఊరితోపాటు ఎనిమిదేండ్ల కూతురి సమాధీ మునిగిపాయ. నేను చెప్పేది జరిగిన ఏడు వానల్లేక నీళ్ళు తగ్గినాయి అనుకోండి. మా తిర్నాలకి జనాల్ని పైకెత్తి తిప్పే పెద్ద రాట్నం తెచ్చిన మస్తాను, దాన్ని బిగిస్తా బిగిస్తా పైనుంచి చూసి, గుట్టకవతల బురదలో తెల్లబండ సమాధి ఒకటి తేలిందని చెప్పినాడంట. ఆ ఊర్లో తెల్లబండ పరిచిన సమాధి అదొక్కటే. నడిచిపోదామంటే బురదలో నడుందాకా దిగబడతారు, కిందనుంచి చూద్దామంటే గుట్ట అడ్డం. ఇంగ రాట్నమెక్కాల్సిందే. అదీ పొద్దు మునగకముందే ఎక్కాల, తెల్లారితే రాట్నం విప్పుకోని పోతారు. అందుకని ఆఖరు రోజు పొద్దున్నే వచ్చి నిలబడింది.

ఏమైందంటే, అంతకు ముందేడు రాట్నం వరసలో కొట్లాటై ఒకని తలకాయ పగిలింది. దాంతో మస్తాను కొత్త పద్ధతి పెట్టినాడు. చెప్పులు వరసలో ఇడిచిపోండి, చెప్పులు యాడుంటే మనిషి ఆడున్నట్టే అన్యాడు. అందరికీ బాగుందనిపించింది. నేను గూడా ఇడిచిపెట్టి చెట్టుకింద పండుకున్యా, అబద్ధమెందుకు. సుంకులమ్మ ఏం ఇడుస్తాది? రాయి పెడితే ఎవురో కాలితో తన్నేసినారు. సరేలే అని నా చెప్పుల ఎనకాల ఎండలో తానే నిలబడింది. మూడు గంటలకి సర్పంచి ఇంటి జీతగాడు గోతంలో ఆ ఇంటోళ్ళవి పదకొండు జతలు తెచ్చి ఆయమ్మ ముందర పరిచినాడు. ఇదేంది, నేనుండా గదా అని ఆయమ్మ అడిగితే, నీ చెప్పులు యాడుండాయో చూపించు అన్యాడంట.

ఎండ తగ్గినాక రాట్నం మొదలైంది. సుట్టు మీద సుట్టు తిరుగుతాంది, పొద్దు దిగుతాంది, ఆయమ్మ కండ్లు గుట్టమీదనే ఉండాయి. నా వంతొచ్చింది. తొట్టికి ఇద్దరు, నా పక్కన సర్పంచి కూర్చోవాల. తక్కిన పదిమందీ వచ్చి ఎక్కినారు, మిగతా తొట్లన్నీ నిండినాయి, ఆయన మాత్రం రాల్యా. మస్తాను రెండుసార్లు కేకేసినాడు. సుంకులమ్మ ఒకడుగు ముందుకేసి, "ఖాళీగా పోయేదాంట్లో నన్నెక్కించు నాయనా, పొద్దు పోతాంది," అనింది. మస్తాను ఆయమ్మని చూసినాడు, చెప్పుల జతని చూసినాడు. "వరసలో చెప్పులుండాయి గదమ్మా. ఆయనొచ్చి అడిగితే నేనేం చెప్పాల?" అన్యాడు. అని గొలుసు తగిలించినాడు.

పైకి పోయినాక నాకు కనపడింది. గుట్టకవతల, బురదలో, చిన్నగా, తెల్లగా. మేం దిగి, ఆయమ్మని ఎక్కించేలోపల మసక కమ్ముకున్యాది. కిందకొచ్చినంక కనపడిందామ్మా అని అడిగినా. కనపడింది నాయనా అని కండ్లు తుడుచుకుంటా పోయినాది. ఆ యాళకి నాకు ఎదురుగా ఉండే గుట్టే కనపడల్యా.

ఇప్పుడు మీరంతా మస్తానుని తిడతాండారు. తిట్టండి. నేనొక్క మాట అనింటే ఆయమ్మ నా పక్కన ఎక్కేది. తొట్టి ఇశాలంగా ఉండాదని నేను కాళ్ళు చాపుకోని కూర్చున్యా.