కూరలో ఉప్పు తగ్గించిన దేవుడు

ఆదివారం ఆరాధన అయిపోయాక, చర్చి వెనక పాస్టరుగారి గది. సంఘంలోని ఒకావిడ ఆయనకు ఎదురుగా కుర్చీలో కూర్చుంది. బట్టలు కుట్టే షాపులో కటింగ్ మాస్టరుగా పనిచేసే ఆమె భర్త, పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా, పోయి పోయి తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు.

"అది కాదు అయ్యగారూ. ప్రార్థన మానేయమని నేనూ అనటం లేదు. కాస్త తగ్గించుకోమని చెప్పండి, చాలు."

"తగ్గించుకోమనా? అమ్మా, మా ఆయన ప్రార్థన చేయటం లేదని ఈ గదిలో ఏడ్చినవాళ్ళే గానీ, ఎక్కువైపోయిందని వచ్చిన మనిషివి నువ్వొక్కదానివే. ఏం మాస్టరూ, ఏమిటి సంగతి?"

"ఏం లేదండీ."

"విన్నారా? ఇదే. ఇంట్లో నాకు దక్కేది ఈ రెండు ముక్కలే. అలా ఉన్నారేమిటండీ అంటే ఏం లేదు. ఒంట్లో బాగాలేదా అంటే ఏం లేదు. తెల్లారకముందే మేడెక్కి దేవుడి దగ్గర మాత్రం గుక్క తిప్పుకోకుండా మాట్లాడతారు."

"మంచిదే కదమ్మా. దేవుడితో మాట్లాడే భర్త దొరకటం..."

"దొరికారు అయ్యగారూ. దేవుడికి దొరికారు. నాకే దొరకటం లేదు."

"అలా అనకూడదు. ఎవరికైనా దేవుడు ముందు. తర్వాతే భార్య అయినా, భర్త అయినా."

"తర్వాతంటే ఎంత తర్వాత? వంతు కోసం పక్కనే నిలబడి ఉన్నాను. కబుర్లన్నీ అక్కడే అయిపోయి, నా దాకా వచ్చేసరికి మిగిలేది ఏం లేదు ఒక్కటే."

"సరే, సరే. ఇవాళే ఎందుకింత కోపం? ఇందాక ఆరాధనలో మాస్టరు, దేవుడు తనకు చేసిన మేళ్ళ గురించి ఎంత చక్కగా సాక్ష్యం చెప్పాడు. ఎప్పుడూ నోరు విప్పనివాడు లేచి నిలబడ్డాడు. అందరూ సంతోషించారు."

"ఆ సాక్ష్యం గురించే వచ్చాను. ఏం చెప్పారో మీరే ఒకసారి చెప్పండి."

"చిన్న చిన్న మనవులు కూడా దేవుడు వింటాడని చెప్పాడు. కూరలో ఉప్పు ఎక్కువవుతోందని ప్రార్థించాడట, మర్నాడే తగ్గిందట. మెడ పట్టేస్తోందని ప్రార్థిస్తే తలగడ మెత్తబడిందట. కిటికీ తలుపు రాత్రంతా కిర్రుమంటోందని ప్రార్థిస్తే..."

"ఆ తలుపు బందులకి నూనె రాసింది నేను. స్టూలెక్కి రాశాను. దిగేటప్పుడు నడుం పట్టేసి రెండు రోజులు వంగలేకపోయాను. తలగడ కుట్లు విప్పి, దూదంతా ఏకి, మళ్ళీ కుట్టింది నేను. చాకిరీ నాది, స్తోత్రం పైవాడికి."

"ఆగమ్మా, ఆగు. మాస్టరు మేడ మీద ఒంటరిగా చేసుకున్న ప్రార్థన నీకెలా తెలిసింది?"

"బట్టలు ఆరేయటానికి వెళ్ళాను."

"తెల్లారకముందా?"

"మా మేడ మీదికి ఎండ తొందరగా వస్తుంది."

"తెల్లారకముందే వస్తుందా అమ్మా?"

"సరే. నీళ్ళ ట్యాంకు వెనక నిలబడి విన్నాను. మొదటి రోజు పక్కలో మనిషి లేడేమిటా అని వెతుక్కుంటూ వెళ్ళాను. తర్వాత రోజూ వెళ్ళాను. ఆరేయటానికి బట్టలు లేని రోజు ఈయన నీలం చొక్కానే మళ్ళీ తడిపి పట్టుకెళ్ళాను. చాలా?"

"అందుకా, చొక్కా రంగు పోయింది."

"నువ్వుండు మాస్టరూ. అమ్మా, మనిషి దేవుడితో చెప్పుకునే మాటలు చాటుగా వినటం తప్పు కదూ?"

"తప్పే. కాదనను. కానీ మా పెళ్ళి చేసింది మీరేగా. ఇక మీదట మీరు ఇద్దరు కాదు, ఒక్కరే అని అందరి ముందూ అన్నది మీరేగా. ఒక్కరైతే, నా సంగతి నేనే ట్యాంకు వెనక నక్కి వినాల్సిన ఖర్మ నాకెందుకు? అప్పుడు మీరు చెప్పింది అబద్ధమా?"

"అబద్ధమా... నేనా... మంచినీళ్ళు తాగుతావా అమ్మా?"

"వద్దండీ. ఉప్పూ తలగడా నాకొక లెక్క కాదు. నేనొచ్చింది వాటి కోసం కాదు."

"మరి దేనికోసం?"

"ఈయన్నే చెప్పమనండి."

"మాస్టరూ?"

"ఏం లే..."

"ఆ మాట ఇంకొక్కసారి అన్నారంటే నేను మా అక్క ఇంటికి వెళ్ళిపోతాను."

"చెప్పు మాస్టరూ."

"ఈయన చెప్పరు. నేనే చెబుతాను. చేతులు వణుకుతున్నాయట అయ్యగారూ. కత్తెర గీత మీద నిలవటం లేదట. ఎవరిదో పెళ్ళికొడుకు కోటు గుడ్డ పాడుచేసి, షాపు యజమాని చేత నానా మాటలూ పడ్డారట. ఇక ఈ చేతులకి పని ఉండదేమో ప్రభువా, నాకు భయంగా ఉంది అన్నారు. అని ఏడ్చారు. పెళ్ళయినప్పటి నుంచి ఈయన ఏడవటం నేనెరగను. అప్పుడు కూడా చూడలేదు. వినటమే, ట్యాంకు అడ్డం."

"నిజమేనా మాస్టరూ?"

"కొంచెం వణుకుతున్నాయండీ."

"నాతో అంటే ఏం పోయింది? డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళనా? గుడ్డ మీద గీత మీరు గీసిస్తే కత్తిరించటానికి నాకు చేతులు లేవా? దేవుడికి చెబితే ఆయన దిగివచ్చి కత్తిరిస్తాడా? తప్పుగా అంటున్నానేమో, క్షమించండి అయ్యగారూ, కానీ కత్తిరిస్తాడా?"

"అంటే... ఆయన చిత్తమైతే..."

"అప్పటి నుంచి ఎదురుచూస్తున్నాను, ఇవాళ చెబుతారు, రేపు చెబుతారు అని. అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంటున్నాను. ఏమిటలా చూస్తున్నావని ఈయనే అడిగారు."

"అడిగాడు కదా. నువ్వేమన్నావు?"

"ఏం లేదన్నాను."

"నువ్వు కూడానా?"

"మా ఇంట్లో ఉన్నది ఆ ఒక్క మాటేగా. ఇద్దరం వాడుకుంటున్నాం."

"మాస్టరూ, ముందు ఆ స్టూలు మీంచి లేచి వచ్చి ఈ కుర్చీలో కూర్చో. ఆ, అలా. దేవుడితో చెప్పుకున్నావు, మంచిదే. అంత భయాన్నీ ఆయన ముందు పెట్టినవాడివి, పక్కనున్న మనిషితో ఒక్క ముక్క అనలేకపోయావా?"

"మొహం చూస్తే నోరు రాదండీ. చెబితే కంగారుపడుతుంది. కంగారుపడితే కోప్పడుతుంది. కోప్పడితే ఏడుస్తుంది."

"నేనేం ఏడవను."

"ఇప్పుడు ఏడుస్తున్నావుగా."

"దుమ్ము. అయ్యగారి గది ఊడ్చి ఎన్నాళ్ళయిందో."

"నా గది సంగతి తర్వాత చూద్దాం. నాకు ఒక్కటి అర్థం కావటం లేదు మాస్టరూ. నిన్ను పెళ్ళికి ముందు నుంచీ ఎరుగుదును. ప్రార్థనలో నీ పెదవి కూడా కదలదు. నిద్రపోతున్నావనుకుని పక్కవాళ్ళు మోచేత్తో పొడవటం నా కళ్ళతో చూశాను. అలాంటివాడికి, ట్యాంకు అవతలికి వినబడేంత గొంతు ఎక్కడి నుంచి వచ్చింది?"

"మొదటి రోజు మనసులోనే చేసుకున్నానండీ. ఆఖర్న ఆమెన్ ఒక్కటీ పైకన్నాను. ట్యాంకు వెనక నుంచి ఇంకో ఆమెన్ వచ్చింది."

"నేననలేదు."

"అన్నావు."

"అలవాటుకొద్దీ అని ఉంటాను. ఉండండి. అంటే నేనక్కడున్నానని మొదటి రోజు నుంచీ మీకు తెలుసా?"

"తెలుసు."

"అయితే మాస్టరూ, ఆ ఉప్పు సంగతీ, చేతుల సంగతీ, ఇవాళ అందరి ముందూ లేచి చెప్పిన సాక్ష్యమూ..."

"దేవుడికి మనసులో అనుకున్నా వినబడుతుందండీ. పైకి చెప్పిందంతా ఈవిడకే."