మిరప కోతల నెలలో కంటి శిబిరం

శ్రీమతి ఫిలోమినా గారు 1996 జూలై ఒకటో తేదీన నరసరావుపేటలోని బాలకోటయ్య స్మారక సేవా సంస్థలో నర్సుగా చేరారు. మిర్చి వ్యాపారి బాలకోటయ్య గారు తన కొట్టు వసారాలో రైతులకు ఉచితంగా కంటి పరీక్షలు చేయించడంతో మొదలైన ఈ సంస్థకు అప్పటికి సొంత గది కూడా లేదు. ఆయన కన్నుమూసిన ఫిబ్రవరి తొమ్మిదిన ఏటా ఉచిత ఆపరేషన్ల శిబిరం జరపాలని కుమారుడు ఆంజనేయులు గారు సంకల్పించారు. దాన్ని నిలబెట్టింది మాత్రం ఫిలోమినా గారే.

2003లో శిబిర పర్యవేక్షకురాలయ్యాక మాచవరం, అచ్చంపేట, కారంపూడి మండలాల్లో ఆమె ఎక్కని గడప లేదు. "కన్ను పీకి గోలీ పెడతారంట గదమ్మా" అని వణికిన ఓ పెద్దాయనను, "గోలీలైతే ఆడుకునే పిల్లలకిస్తాం గానీ నీకెందుకు తాతా?" అని నవ్వించి బస్సెక్కించారు.

ఆ బస్సుల్లో ఆడవాళ్లు ఎందుకంత తక్కువో ఆమెకు 2012లో కారంపూడి దగ్గర ఒక మిరప చేలో తెలిసింది. కూలీ చెన్నమ్మకు కుడి కన్ను చిన్నప్పుడే పోయింది. ఉన్న ఎడమ కంట్లో శుక్లం ముదిరింది. అయినా శిబిరానికి రాలేదు.

"బస్సు పంపితే ఎక్కలేదేంది చెన్నమ్మక్కా?"

"కోతలొదిలి వస్తే ఏడాదంతా నువ్వు కూడు పెడతావా? అయినా మీ పెద్దాయన ఎండాకాలం పోగూడదా తల్లీ? సరిగ్గా మిరప కోతల్లోనే పోవాల్నా?"

చేలో ఉన్నవాళ్లంతా పకపకా నవ్వారు. ఫిలోమినా గారు నవ్వలేకపోయారు.

కోతలయ్యాక ఏప్రిల్‌లో చెన్నమ్మ తనంతట తానే వచ్చింది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిన్నదని, ఇక చూపు రాదని డాక్టరు తేల్చేశారు. ఎందరినో చూపుతో ఇళ్లకు చేర్చిన ఫిలోమినా గారు ఆ రోజు ఒక మనిషిని చీకటితో ఇంటి దగ్గర దించి వచ్చారు.

ఆ తర్వాతి కార్యవర్గ సమావేశంలోనే ఆమె తేదీ మార్చమని అడిగారు.

"మా నాయన వర్ధంతి మార్చమంటావా ఫిలోమినమ్మా?" అన్నారు ఆంజనేయులు గారు.

"వర్ధంతి ఆ రోజే జరుపుకోండయ్యా. శిబిరం కోతలయ్యాక పెడదాం."

'పరిశీలనలో ఉంచడమైనది' అని పుస్తకంలో రాశాం. ఆమె ఏటా అడిగారు, మేము ఏటా అదే రాశాం. ఆ మాట రాసిన కార్యదర్శి ఈ వ్యాసకర్తే. అడిగింది తేదీ ఒక్కటే, అదీ తన కోసం కాదు. అయినా మాకు చెవికెక్కలేదు.

మొన్న ఫిబ్రవరిలో ఆంజనేయులు గారికే శుక్లం వచ్చింది. వెంటనే ఆపరేషన్ అన్నారు డాక్టరు. "ఇప్పుడా? మిర్చి సీజన్‌లో కొట్టు ఎట్టా వదిలేది? చానా కష్టం" అన్నారాయన. పక్కనే ఉన్న ఫిలోమినా గారు ఆయన వైపు చూశారు. ఆయన తల దించుకున్నారు. వచ్చే ఏడాది నుంచి శిబిరం మే నెలలో జరపాలని ఆ వారమే తీర్మానమైంది.

కబురు చెప్పడానికి ఆమె కారంపూడి వెళ్లారు.

"నాకింకెందుకులే గానీ, మా కోడలికి మసకలు మొదలైనయ్. దాన్ని ఎక్కించు" అంది చెన్నమ్మ.

"అప్పటికి నేను రిటైరైపోతా అక్కా."

"అయితే ఏందే? బస్సెక్కించేదానికి ఉద్యోగం గావాల్నా?"

ఈ నెలాఖరున ఫిలోమినా గారు పదవీ విరమణ చేస్తున్నారు. తాను పోరాడి సాధించిన శిబిరాన్ని ఒక్కసారైనా తన చేతులతో నడిపే అవకాశం ఆమెకు లేకుండా చేసింది మా జాప్యమే. అందుకు సంస్థ ఆమెకు క్షమాపణ చెప్పుకుంటోంది. ఇంత ఆలస్యంగా దిద్దుకున్న పనిని సరిగా చేస్తున్నామో లేదో ఏటా మే నెలలో వచ్చి చూసి, తప్పు కనిపిస్తే నిలదీసేంత ఆరోగ్యంతో, ఓపికతో ఆమె దీర్ఘకాలం జీవించాలని మనసారా కోరుకుంటున్నాం.