ఇరవై మూడో నంబరు బటన్ నొక్కదు

పొద్దున పదింబావు. పరిశోధన చేస్తున్న అమ్మాయి ఫోన్ చేసింది. అవతల ఎత్తినావిడ ఆ పరిశోధనలో ఇరవై మూడో నంబరు.

"అది కాదు మామ్మగారూ, ముందు నేనడిగినదానికి జవాబు చెప్పండి. బీపీ మాత్ర వేసుకున్నారా, లేదా?"

"ఉండు, స్టవ్ కట్టేసొస్తాను."

"ఇందాకా అదే అన్నారు!"

"ఇందాక మంట తగ్గించాను. ఇప్పుడు కట్టేశాను. ఆఁ, చెప్పు. నీ గొంతేంటి అలా ఉంది? జలుబా?"

"జలుబు కాదు, ఏడుపు. పదకొండింటికి మా గైడు వస్తున్నారు. గ్రాఫు ఇలాగే ఉంటే ఈ పరిశోధన ఇక మూసెయ్యమంటారు. మూడేళ్ళు మామ్మగారూ! నా పీహెచ్‌డీ గంగలో కలిసినట్టే."

"అయ్యయ్యో! గ్రాఫుకేమొచ్చింది?"

"మీ ఫోన్లో నేను పెట్టిన యాప్ ఎనిమిదింటికి మోగుతోందా?"

"ఓ, ముచ్చటగా మోగుతోంది."

"మాత్ర వేసుకుని పచ్చ బటన్ నొక్కాలి కదా?"

"నొక్కాలి."

"నొక్కారా?"

"వానొచ్చేలా ఉంది చూశావా?"

"మామ్మగారూ!"

"నొక్కలేదు."

"నిన్న?"

"నిన్న... నిన్నా లేదు."

"మొన్న?"

"మొన్నటి సంగతి ఇప్పుడెందుకులే."

"మీరొక్కరే అయితే సరేననుకుందును. మీ అపార్టుమెంట్లో నలభై మందిని చేర్చుకున్నాను. మొదటి నెల ముప్ఫై ఎనిమిది మంది నొక్కారు. ఇప్పుడు రోజుకి పదిమంది. సరిగ్గా పది! ఇవాళ ఒక పదిమంది, రేపు వేరే పదిమంది. మనుషులెవరూ ఇంత పద్ధతిగా మర్చిపోరు, సాఫ్ట్‌వేర్లోనే ఏదో తేడా ఉందన్నారు మా సారు. రెండు వారాలు కూర్చుని లైను లైనూ దులిపాను."

"దొరికిందా?"

"దొరికితే ఇలా మీ ప్రాణం తీస్తానా?"

"పాపం... మరి అది తేడా కాదమ్మా. వంతులు."

"ఏంటీ?"

"వంతులు. నొక్కకపోతే మూడో రోజు నువ్వు ఫోన్ చేస్తావు కదా. అందరూ ఒకేసారి మానేస్తే నువ్వొక్కదానివి ఎంతమందికని చేస్తావు? గొంతు పోదూ? అందుకని రోజుకో అంతస్తువాళ్ళు నొక్కి, తర్వాత మూడు రోజులు మానేసేలా పెట్టాను. మాది నాలుగంతస్తులు, అంతస్తుకి పదిమందిమి. చక్కగా సరిపోయింది."

"మీరు... పెట్టారా?"

"చార్టు గీసి లిఫ్టు పక్కన అంటించాం కూడా. ఎర్ర స్కెచ్చి పెన్నుతో."

"లిఫ్టు పక్కనా!"

"లిఫ్టెక్కనివాళ్ళ కోసం మెట్ల దగ్గర ఇంకోటి."

"అసలెందుకండీ ఇదంతా?"

"ఎందుకేంటి, నొక్కితే నువ్వు చెయ్యవుగా! మొదటి నెల బుద్ధిగా నొక్కాను. పలకరించిన పాపాన పోయినవాళ్ళు లేరు. ఊళ్ళో లేక మూడు రోజులు మర్చిపోయానో లేదో, నువ్వు చేశావు. ఎంతసేపు మాట్లాడుకున్నాం?"

"నలభై రెండు నిమిషాలు."

"చూశావా! మరి చెప్పుకోనా నలుగురికీ?"

"మీరు నలుగురికి కాదు, నలభై మందికి చెప్పారు. అయ్యో, మాత్రలు! మాత్రలు కూడా మానేసి కూర్చున్నారా అందరూ? ప్రాణాల మీదకొస్తుంది మామ్మగారూ!"

"ఛీ ఛీ, మాత్రెందుకు మానేస్తాం, మాకేమైనా పిచ్చా? ఎనిమిదింటికి ఫోన్లు మోగుతాయి. నాలుగో అంతస్తు డ్రిల్లు మేష్టారు మెట్ల మీద నిలబడి విజిలేస్తారు. అందరం గుమ్మాల్లోకొచ్చి, మాత్ర ఎత్తి చూపించి, మింగుతాం. రెండో అంతస్తులో రిటైరైన కంపౌండరు గారున్నారు, ఆయన నోళ్ళు తెరిపించి మరీ చూస్తారు. ఆదివారం ఆదివారం ఆయనే బీపీ కొలిచి రాస్తారు."

"రాస్తారా? ఎక్కడ?"

"చార్టు వెనకాల."

"అందరివీ? రోజూ అందరూ వేసుకుంటున్నారా?"

"రోజూ. మానేది బటనొక్కటే. ఎందుకు నవ్వుతున్నావు?"

"నవ్వట్లేదండీ. నవ్వుతున్నాను. బాబోయ్, విజిలా!"

"ఇదిగో, మాటల్లోనే వచ్చారు మేష్టారు. స్పీకర్లో పెడుతున్నాను."

"అమ్మాయీ, నేను డ్రిల్లు మేష్టార్ని. మా అంతస్తుకి నీ ఫోను వంతు రేపు కదా? వరస తప్పలేదు కదా?"

"ఉండండి మేష్టారూ, మీ వరస మండా. పిల్ల ఉద్యోగం ఊడేలా ఉంది."

"ఉద్యోగం కాదండీ, చదువు."

"ఏదైతేనేం, ఊడేలా ఉంది. మనం బటన్ నొక్కట్లేదని."

"ఓస్ అంతేనా! ఇప్పుడే విజిలేస్తాను. అయిదు నిమిషాల్లో నలభై మందీ నొక్కకపోతే నన్నడుగు. పోయిన నెలవి కూడా నొక్కించెయ్యమంటావా?"

"వద్దు మేష్టారూ! వద్దు! ఆ విజిల్ కింద పెట్టండి. పెట్టారా?"

"పెట్టాను."

"పెట్టలేదమ్మా, నోట్లోనే ఉంది."

"మేష్టారూ, ప్లీజ్! అలా నొక్కితే అది అబద్ధం. జరిగింది జరిగినట్టే సారుకి చెప్తాను. ఆ చార్టు ఫొటో తీసి పంపండి. ముందూ వెనకా, రెండు వైపులా. ముఖ్యంగా వెనక."

"ఇదిగో, పరిగెత్తుతున్నా!"

"అయ్యో, మెల్లిగా మేష్టారూ! ఈ వయసులో ఆ పరుగేంటో... వెళ్ళిపోయారమ్మా. ఇదిగో, నా మాట విను. తప్పంతా నాదని రాసెయ్. ఇరవై మూడో నంబరు ముసలిది అందర్నీ చెడగొట్టిందని రాసెయ్. నన్నేం చేస్తారు? మహా అయితే ఫోన్లోంచి యాప్ తీసేస్తారు."

"మీ తప్పు కాదు మామ్మగారూ."

"నాది కాక ఎవరిది? మీ సారు పాపం మంచి ఆలోచనే చేశాడు, నొక్కనివాళ్ళకి నీలాంటి పిల్ల చేత ఫోన్ చేయించాలని. మేమే దాన్ని అలుసుగా తీసుకున్నాం."

"సారు అలా అనుకోలేదండీ."

"మరి?"

"మూడో రోజు మీకు ఫోన్ చెయ్యాల్సింది మిషను. 'దయచేసి మాత్ర వేసుకోండి' అని రికార్డు గొంతుతో ఒక ముక్క చెప్పి పెట్టేస్తుంది. మీరు మర్చిపోయిన ఆ మొదటిసారి అది పాడైంది. అందుకని నేను చేశాను. మీరెత్తగానే 'తిన్నావా తల్లీ' అన్నారు. అప్పటికి వారమైంది నాతో ఎవరైనా అంత ప్రేమగా ఒక్క మాట మాట్లాడి. నాకెంత హాయిగా అనిపించిందో మీకు తెలీదు."

"అయ్యో పిచ్చితల్లీ. అయితే ఆ మిషను ఇంకా బాగవ్వనే లేదా?"

"ఆ సాయంత్రమే బాగైంది మామ్మగారూ. నేనే మళ్ళీ ఆన్ చెయ్యలేదు."