ఐదో మెట్టు

రంగుల ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చిన తండ్రి వంటగది గడప మీద కూర్చుని, కూతురి పాఠ్యపుస్తకం చేత్తో పట్టుకుని పరీక్షకు ప్రశ్నలడుగుతున్నాడు.

"ఆహార గొలుసు చెప్పు."

"నాచు. దాన్ని తినే చిన్నచేప, దాన్ని తినే పెద్దచేప, ఆ చేపని తినే మనిషి. నాలుగు మెట్లు నాన్నా."

"నీళ్ళలో విషం కలిస్తే?"

"మెట్టు మెట్టుకీ పెరుగుతూ పోతుంది. అందరికంటే పైనున్న వాళ్ళకే ఎక్కువ. నాన్నా, మీ ఫ్యాక్టరీ గొట్టం కలిసేది నువ్వు చేపలు పట్టే కాలవలోనే కదా?"

"శుద్ధి చేశాకే వదుల్తాం తల్లీ."

"ఆ మిషన్ చెడిపోయి ఏడాదయిందని నువ్వే అన్నావుగా?"

"గట్టిగా అనకు, ఉద్యోగం ఊడుతుంది. ముందు పాఠం చూడు."

"చూశాను. నాలుగు కాదు, ఐదు మెట్లు."

"పుస్తకంలో నాలుగే ఉన్నాయి. మనిషి మీద ఇంకెవరుంటారే, పిచ్చిమొద్దూ?"

"అమ్మకి ఇప్పుడు ఎన్నో నెల?"

తండ్రి పుస్తకం మూశాడు. లోపల పొయ్యి మీద చేపలు వేగుతున్నాయి.

"ఏడో నెల," అన్నాడు. "బలమని రోజూ నేనే పట్టుకొచ్చి పెడుతున్నాను."